రోజూ జరిగేది వార్త ఎందుకు కాదు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక ఊరు. విశాఖపట్నంలో జర్నలిజం ఎం.ఎ. రెండో సంవత్సరం చదువుతున్నాను. వేసవి సెలవుల్లో ఒక దినపత్రిక జిల్లా డెస్క్‌లో ఇంటర్న్‌షిప్ చేశాను. మా పక్క ఊరిలో కిడ్నీ జబ్బుతో ఒకాయన చనిపోతే, ఆ ఇంటి పరిస్థితి తెలుసుకుని రాసి ఇచ్చాను. "అది అక్కడ రోజూ ఉండేదే కదమ్మా, కొత్తగా ఏముంది?" అని డెస్క్ పెద్దాయన దాన్ని పక్కన పెట్టేశారు. మర్నాడు మొదటి పేజీలో ఒక నాయకుడు మరొక నాయకుణ్ణి తిట్టిన తిట్లు వచ్చాయి. ఇంకో రోజు, రోడ్డు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి దగ్గరికి టీవీ వాళ్లతో కలిసి వెళ్లాను. ఆమె ముఖం ముందు గొట్టాలు పెట్టి వాళ్లు అడిగిన ప్రశ్నలు విని అక్కడ నిలబడలేకపోయాను. ఇప్పుడు ఇంటికి వెళితే ఎవరేం మాట్లాడుకున్నా నాకు వార్తలాగే వినిపిస్తోంది. "మేం మాటాడుకున్నవి కూడా రాసేస్తావేటే?" అని మా అమ్మ అడిగింది. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు మా ప్రాంతం మీదే చేయాలని ఉంది. చేయవచ్చా? అసలు ఈ వృత్తిలో నాలాంటి వాళ్లకు చోటుందా?

సమాధానం: డెస్క్ పెద్దాయన అన్న మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీరు అడిగిన మిగతా ప్రశ్నలన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. "రోజూ ఉండేదే కదా" అన్నది ఆయన సొంత మాట కాదు. నేను పనిచేసిన డెస్క్‌లన్నిటిలోనూ అది వినిపించేది. ఆ మాట అన్నవాళ్లలో మంచి మనసున్నవాళ్లు, తమ ఊళ్లలో ఇలాంటి చావులే చూసినవాళ్లు కూడా ఉండేవారు. పేజీ వెళ్లే వేళ దగ్గర పడుతున్నప్పుడు, ముందున్న పాతిక ముప్ఫై వార్తల్లోంచి ఏరుకోవలసిన మనిషికి ఏదో ఒక కొలబద్ద కావాలి. తేలికగా చేతికి అందేది "ఇందులో కొత్త ఏమిటి" అన్న ప్రశ్నే. ఆ కొలబద్ద దేనికి పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో మీరు ఈ వయసులోనే ఆలోచిస్తున్నందుకు నాకు సంతోషంగా ఉంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఒక కీడు రోజూ జరుగుతోందంటే దాని వార్తా విలువ పెరగాలి. అది తగ్గుతోందంటే లోపం మన కొలతలో ఉంది.

మీ సిలబస్‌లో వార్తా విలువల పాఠం ఉండే ఉంటుంది. దాని మూలాలు చాలావరకు 1965లో యోహాన్ గాల్టుంగ్, మారి రూగే అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన వ్యాసంలో ఉన్నాయి. కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాల గురించి నార్వే పత్రికలు ఏం రాశాయో పరిశీలించి, ఎలాంటి ఘటనలు వార్తలవుతాయో వారు అందులో వివరించారు. వారు మొట్టమొదట చెప్పిన లక్షణం కాలానికి సంబంధించినది. ఒక ఘటన జరిగి ముగియడానికి పట్టే సమయం, పత్రిక వెలువడే వ్యవధిలో ఎంత బాగా ఇమిడితే, అది వార్త అయ్యే అవకాశం అంత ఎక్కువ. హత్య ఒక పూటలో జరుగుతుంది. ప్రెస్‌మీట్ గంటలో అయిపోతుంది. ప్రమాణస్వీకారానికి ముహూర్తమే ఉంటుంది. బోరుబావుల్లో నీటిమట్టం దిగిపోవడానికీ, ఒక మనిషి మూత్రపిండాలు ఏళ్ల తరబడి పాడవడానికీ, ఒక తోట మళ్లీ కాపుకు రావడానికీ అలాంటి తేదీ ఉండదు. ఫలానా రోజు సంచికలో వేయాలి అని తొందరపెట్టే గుణం వాటికి లేదు కాబట్టి అవి ఏ రోజు సంచికలోనూ చేరకుండా ఉండిపోతాయి.

మీ ప్రాంతంలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మీరు అప్పుడు ఇంకా బడిలోనే ఉండి ఉంటారు. దసరా రోజులవి. పడిపోయిన కొబ్బరి చెట్లను, వేళ్లతో సహా లేచిపోయిన జీడిమామిడి తోటలను, కరెంటు లేని ఊళ్లను చానెళ్లు కొన్నాళ్లు చూపించాయి. పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. అది చేయవలసిన పనే, చాలామంది విలేకరులు తిండీ నిద్రా మానుకుని చేశారు. అయితే దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అంటే తుపాను తర్వాతి సంవత్సరం నాటిన మొక్క ఈమధ్యనే కాయడం మొదలుపెట్టి ఉంటుంది. ఆ ఆరేడేళ్లూ ఆ తోట మీద బతికిన ఇల్లు ఏం తిని గడిపింది, ఇంట్లో ఎవరు వలస వెళ్లారు, పిల్లల్లో ఎవరి చదువు ఆగిపోయింది, నష్టపరిహారం ఎవరికి అందింది, కౌలుకు తోట చేసినవాడికి అందిందా, నేల ఎవరి పేరున ఉందో వాళ్లకే పోయిందా అన్నవి ఎన్ని వార్తల్లో చదివారు? తుపాను ఒక్క రాత్రి వ్యవహారం కాబట్టి మనకు కనిపించింది. దాని ఫలితం ఏళ్ల వ్యవహారం కాబట్టి మన చూపు దాటిపోయింది. జరిగిపోయిన వార్త దగ్గరికి మళ్లీ వెళ్లి చూసే పనికి, అంటే పత్రికల్లో ఫాలోఅప్ అని మనం పిలుచుకునే దానికి, నేను ఇచ్చే విలువ ఇక్కడి నుంచి వచ్చిందే.

కిడ్నీ జబ్బు విషయంలోనూ ఇంతే. మీ ఉద్దానం ప్రాంతంలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ప్రజలు మూడు దశాబ్దాలకు పైగా ఈ జబ్బుతో వేగుతున్నారు. దేశ విదేశాల నిపుణులు వచ్చి నీటిని, మట్టిని, రక్తాన్ని పరీక్షించినా ఇదీ కారణం అని తిరుగులేకుండా తేలలేదు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి బాధితులను కలిసినప్పుడు ఉద్దానం రాష్ట్రమంతటా వార్త అయింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రమూ, హిరమండలం జలాశయం నుంచి నీరు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకమూ ప్రారంభమైనప్పుడు మళ్లీ అయింది. పెద్దవాళ్లు వచ్చిన రోజులకు తేదీలున్నాయి. మధ్యలో గడిచిన రోజులకు లేవు. ఆ పథకం నీరు ఏ ఊరి కుళాయికి వారంలో ఎన్ని రోజులు వస్తోంది, ఆసుపత్రిలో మంజూరైన వైద్యుల పోస్టుల్లో ఎన్ని నిండాయి అన్న ప్రశ్నలకు ప్రారంభోత్సవం నాటి వార్త జవాబు చెప్పలేదు. మళ్లీ వెళ్లినవాళ్లే చెప్పాలి.

దీనికి తోడు మన పత్రికల అమరికలో ఉన్న ఒక ఇబ్బంది కూడా మీరు గమనించాలి. 1989లో ఈనాడు జిల్లా సంచికలు మొదలుపెట్టింది. తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. దానివల్ల మండలానికో విలేకరి వచ్చాడు; కల్వర్టు కూలినా, బడిలో మాస్టారు లేకపోయినా అచ్చయ్యే వీలు కలిగింది. తెలుగు పల్లెల ప్రజాజీవితంలో అది చిన్న మార్పు కాదు. కానీ శ్రీకాకుళం పేజీలో వచ్చింది శ్రీకాకుళంలోనే ఆగిపోతుంది. కవిటి గురించి రాసింది కవిటి వాళ్లే చదువుకుంటారు. నిర్ణయాలు తీసుకునే అధికారి, మంత్రి, పక్క జిల్లా పాఠకుడు దాన్ని చూడరు. మీరు రాసిన మరణం జిల్లా పేజీలో వచ్చి ఉన్నా అది మూడో పేజీ అడుగున సింగిల్ కాలమ్‌గా ఆ ఊరివాళ్లకు ఇదివరకే తెలిసిన కబురై ఉండేది. కాబట్టి మీ ఐటమ్ ఆగిపోయిందన్న బాధ కన్నా, జిల్లా దాటి వెళ్లేంత బలంగా దాన్ని ఎలా రాయాలన్న ఆలోచన మీకు ఎక్కువ పనికొస్తుంది.

రోజువారీ బాధ రాష్ట్రం మొత్తానికి వార్త అయిన సందర్భం మన దగ్గరే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 ప్రాంతంలో అక్షరాస్యతా తరగతుల్లో కూర్చున్న స్త్రీలు సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మగవాడు కూలి డబ్బు సారా కొట్టులో పోసి రావడం, ఇంటికొచ్చి పెళ్లాన్ని కొట్టడం అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. దాన్ని ఇంటి గొడవ అనేవారు. పోలీసులు పట్టించుకునేవారు కాదు, విలేకరులు రాసేవారు కాదు. ఆ స్త్రీలంతా ఒకచోట చేరి తమ ఇంట్లో జరిగేదే పక్కింట్లోనూ, పక్క ఊళ్లోనూ జరుగుతోందని లెక్క తేల్చుకున్నాక సారా దుకాణాలు మూయించారు, వేలంపాటలు అడ్డుకున్నారు. అప్పుడు పత్రికలు, ముఖ్యంగా ఈనాడు, విస్తారంగా రాశాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ నిషేధం తర్వాత ఏమైందన్నది వేరే చర్చ. ఇక్కడ మీరు గమనించవలసింది ఒక్కటే. దెబ్బలు తిన్న ఒక స్త్రీ కథ పత్రికకు కొత్తగా తోచలేదు. వందల ఇళ్ల కథ ఒకచోట చేర్చి చూపినప్పుడు ఎవరూ కాదనలేకపోయారు. కలిపి చూపే పని అప్పుడు ఆ స్త్రీలే చేశారు. నిజానికి అది విలేకరి చేయవలసిన పని.

ఇక మీరు చూసిన రోడ్డు ప్రమాదం సంగతి. అలాంటి వార్త మన పత్రికల్లో ఎలా వస్తుందో మీకు తెలుసు: "అదుపుతప్పి లారీని ఢీకొన్న బైక్, యువకుడి మృతి" అని శీర్షిక, కింద పేరు, వయసు, ఊరు, మృతదేహాన్ని పోస్టుమార్టంకు తరలించారని ఒక వాక్యం, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారని మరొక వాక్యం. ఈ నాలుగు ముక్కలను ఒకసారి దగ్గరగా చూడండి. బైక్ అదుపు తప్పిందని ఎవరు చెప్పారు? చాలాసార్లు స్టేషన్ నుంచి వచ్చిన సమాచారం అది. చూసిన సాక్షి ఎవరో రాసిన విలేకరికి తెలియదు. లారీ నడుస్తోందా, లైట్లు లేకుండా రోడ్డు వారన ఆపి ఉందా? ఆ మలుపులో దీపం ఉందా? సర్వీసు రోడ్డు లేక ఊరివాళ్లు ఎదురు దిశలో వెళ్లక తప్పని చోటా అది? మీ జిల్లా గుండా 16వ నంబరు జాతీయ రహదారి వెళుతుంది కాబట్టి ఈ ప్రశ్నలు మీకు కొత్తవి కావు. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో కలిగించిన ప్రమాదాలు 5 జరిగినా, లేదా 10 మంది చనిపోయినా దాన్ని ప్రమాదకర స్థలంగా గుర్తించి సరిచేయాలని కేంద్ర రవాణా శాఖ నిర్వచనం ఉంది. అధికారులు దాన్నే బ్లాక్‌స్పాట్ అంటారు. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, సున్నితమైన కేసులు మినహా, ఎఫ్‌ఐఆర్‌లను సాధారణంగా 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఒక స్టేషన్ పరిధిలో గత మూడేళ్ల ఎఫ్‌ఐఆర్‌లు తీసి, ప్రమాదం జరిగిన చోటు, వేళ మాత్రం ఒక కాగితం మీద రాసుకుంటే, ఆ కుర్రవాడి మరణం ఒంటరి ఘటన అవునో కాదో మీకే తెలుస్తుంది.

ఆ కుటుంబానికి పనికొచ్చే మాట కూడా అలాంటి వార్తల్లో ఉండదు. ఢీకొట్టి పారిపోయిన వాహనం ఏదో తెలియకపోయినా, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం కింద మృతుడి కుటుంబానికి 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేల రూపాయలు పరిహారం అడిగే హక్కు ఉంది. "గుర్తుతెలియని వాహనం ఢీకొని" అని మొదలయ్యే వార్తలు మనం ఏటా ఎన్నో రాస్తాం. వాటి చివర ఈ ఒక్క వాక్యం చేరిస్తే చాలు, ఎన్నో ఇళ్లకు అది పత్రిక చేసిన మేలు అవుతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది. సగటున రోజుకు 460 మందికి పైగా అన్నమాట. ఇంతమంది ఒకే చోట, ఒకే రోజు పోయి ఉంటే దేశం స్తంభించిపోయేది. దేశమంతటా చెల్లాచెదురుగా, ఒక్కో జిల్లా పేజీలో ఒక్కో మూల పోతున్నారు కాబట్టి రోజూ ఉండేదే అనిపిస్తోంది.

ఆ తల్లి ముందు మీరు నిలబడలేకపోయారంటే మీలో ఉండవలసినదే ఉంది. దాన్ని ఎవరూ బలహీనత అనకుండా చూసుకోండి, మీరూ అనుకోకండి. దుఃఖంలో ఉన్న మనిషి ఏకాంతంలోకి చొరబడవద్దని పత్రికల ప్రమాణాలు చూసే ప్రెస్ కౌన్సిల్ నియమావళే చెబుతోంది. అయినా చావు జరిగిన ఇంటికి విలేకరి వెళ్లకుండా ఉండలేడు. వెళ్లకపోతే పోలీసులు చెప్పిందే అచ్చవుతుంది. వెళ్లే తీరు నేర్చుకోవాలి. నేను కొత్తవాళ్లకు చెబుతూ వచ్చింది ఇది: ముందు ఇంటి బయట ఉన్న పెదనాన్నో, మేనమామో, ఊరి పెద్దో ఎవరో ఒకరితో మాట్లాడండి. మీరెవరో, ఏ పత్రికో చెప్పండి. తల్లిదండ్రులు మాట్లాడగలరా అని వారినే అడగండి. కాదంటే వెనుదిరగండి. మాట్లాడతామంటే కింద కూర్చోండి, కెమెరా తర్వాత. "ఇప్పుడు మీకెలా ఉంది" అన్న ప్రశ్న ఎప్పటికీ వద్దు. అబ్బాయి ఏం చదివాడు, ఏ పని చేసేవాడు, ఆ పొద్దున ఎందుకు బయలుదేరాడు అని అడిగితే, చెప్పాలనుకున్నవాళ్లు బిడ్డ గురించి చెబుతారు. మీ నంబరు ఇచ్చి రండి. పెద్దకర్మ అయ్యాక మళ్లీ వెళ్లండి. అప్పటికి కెమెరాలన్నీ వెళ్లిపోయి ఉంటాయి. బండి ఇన్సూరెన్సు గురించి, స్టేషన్ చుట్టూ తిరగడం గురించి, పోస్టుమార్టం కాగితం కోసం పడ్డ అగచాట్ల గురించి ఆ ఇంటివాళ్లు అడగకుండానే చెబుతారు. అసలు వార్త చాలాసార్లు అక్కడ దొరుకుతుంది.

టీవీ మిత్రులను తప్పుపట్టి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. పక్క చానెల్‌లో వచ్చిన బైట్, అంటే కెమెరా ముందు ఎవరో చెప్పిన మాట, మన దగ్గర ఎందుకు లేదని పది నిమిషాలకోసారి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చే మనిషి అతను. చర్చలతో రోజు గడిపే పద్ధతి వెనుకా డబ్బు లెక్క ఉంది: నలుగురిని స్టూడియోలో కూర్చోబెట్టడానికి అయ్యే ఖర్చు, నలుగురు విలేకరులను కెమెరాలతో నాలుగు ఊళ్లకు పంపడానికి అయ్యే ఖర్చులో చాలా చిన్న భాగం. ఈ ఒత్తిళ్లు రేపు మీ మీదా ఉంటాయి. అందుకే కొన్ని హద్దులు ముందుగానే మనసులో స్థిరపరచుకోండి. లైంగిక దాడికి గురైనవారి గుర్తింపును, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పెట్టిన కేసుల్లో పిల్లల గుర్తింపును బయటపెట్టడం చట్టరీత్యా నేరం. పేరు మార్చి, తండ్రి వృత్తి, వీధి పేరు, బడి పేరు రాస్తే ఊరంతటికీ ఎవరో తెలిసిపోతుంది, అదీ బయటపెట్టడమే అవుతుంది. ఆత్మహత్యల విషయంలో ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది: చనిపోయిన విధానం వివరించవద్దు, శీర్షికను సంచలనం చేయవద్దు, ఒకే కారణానికి ముడిపెట్టవద్దు, సహాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ నంబరు 14416 అన్నది మీ నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండాలి.

మీ అమ్మగారి ప్రశ్నకు వస్తాను. ఉత్తరమంతటిలోకీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. ఇంట్లో మీరు కూతురు. వంటింట్లో, అరుగు మీద, పెళ్లి పందిట్లో జనం మాట్లాడేది కూతురితోనూ, మేనకోడలితోనూ మాట్లాడుతున్నామన్న నమ్మకంతో. ఆ నమ్మకాన్ని చెప్పకుండా వాడుకోకూడదు. విన్నది ముఖ్యమైనదని తోస్తే మరో రోజు వెళ్లి, "అత్తా, మొన్న నువ్వు చెప్పిన మాట గురించి రాయాలనుకుంటున్నాను, మళ్లీ చెబుతావా, పేరు వేయొచ్చా" అని అడగండి. వద్దంటే అక్కడితో సరి. ఇది మర్యాద కోసమే చెబుతున్న మాట కాదు, పని కోసం కూడా. అనుమతి లేకుండా ఒక్కసారి రాస్తే ఆ ఊళ్లో రెండోసారి ఎవరూ నోరు విప్పరు. నగరం నుంచి వచ్చిన విలేకరి రాసి వెళ్లిపోతాడు. మీవాళ్లు అచ్చయిన కాగితంతో పాటు అదే వీధిలో బతకాలి.

మీ ప్రాంతంలో దీనికి ఇంకొక పార్శ్వం ఉంది. ఉద్దానం పేరు కిడ్నీ జబ్బుతో ముడిపడిపోయిన తర్వాత అక్కడి పిల్లలకు సంబంధాలు కుదరడం కష్టమైందని ఊళ్లలో అనేకులు చెప్పారు, పత్రికల్లోనూ వచ్చింది. మంచి ఉద్దేశంతో రాసిన వార్త కూడా ఒక ఊరి ఆడపిల్లల పెళ్లిళ్లకు అడ్డం రావచ్చునని దీన్నిబట్టి తెలుస్తోంది. అలాగని ఊరి పేరు ఎక్కడా రాయకపోతే నీటి ట్యాంకు ఎందుకు పనిచేయడం లేదని ఎవరిని అడగాలి? నేనైతే ఇలా విడదీస్తాను. కుళాయి, ఆసుపత్రి, డయాలసిస్ కేంద్రం, ప్రభుత్వం చేయవలసిన పని గురించి రాసేటప్పుడు ఊరి పేరు స్పష్టంగా ఉండాలి. రోగి జబ్బు, అతని ఇంటి వివరాలు రాసేటప్పుడు మనిషి తానుగా ఒప్పుకుంటే తప్ప పేరూ, ఊరూ, గుర్తుపట్టే ఆనవాళ్లూ ఉండకూడదు. ఫొటోకు ఒప్పుకున్నవాళ్లకు అది ఫోన్లలో తిరిగి తిరిగి ఎక్కడిదాకా వెళుతుందో కూడా చెప్పి ఒప్పించాలి. ఈ రోజుల్లో అది జిల్లా పేజీతో ఆగదు.

కాబట్టి ప్రాజెక్టు మీ ప్రాంతం మీదే చేయండి. మీ బంధువులు ఎవరైనా ఆ జబ్బుతో ఉంటే ఆ సంగతి గైడ్‌కు ముందే చెప్పండి, వారిని ప్రధాన సాక్షులుగా తీసుకోకండి. "ఉద్దానంలో కిడ్నీ వ్యాధి" అన్నంత పెద్ద శీర్షిక పెట్టుకోవద్దు. దాని మీద వైద్యులు రాయగలిగినంత మీరు రాయలేరు. డయాలసిస్ చేయించుకునే మనిషికి ఒక రోజు ఎలా గడుస్తుంది అన్నంతవరకే తీసుకోండి. సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటల పాటు యంత్రం పక్కన పడుకోవాలి. ఇంట్లో ఎన్నింటికి లేస్తారు, కేంద్రానికి బస్సా, ఆటోనా, పోనూ రానూ ఎంతవుతుంది, తోడు వచ్చినవాళ్లు ఆ రోజు జీడిపిక్కల పనో కొబ్బరి పనో మానుకుంటే ఎంత పోతుంది, నెలకు వచ్చే 10,000 రూపాయల పింఛనులో ఈ ఖర్చులకు పోగా మిగిలేది ఎంత అని లెక్క రాయండి. డయాలసిస్ చేయించుకునేవాళ్లు నీళ్లు కొలుచుకుని తాగుతారు. ఎండలో కొబ్బరి తోటలో పని చేసి వచ్చిన మనిషి గ్లాసు చేతిలో పట్టుకుని, ఈ పూటకు ఇంతే అని ఆగవలసి రావడం చూడండి. మంచినీటి కోసం ఇన్నేళ్లుగా పోరాడిన ప్రాంతంలో ఆ ఒక్క గ్లాసు గురించి మీరు జాగ్రత్తగా రాస్తే, జిల్లా దాటి ఎక్కడివారైనా చదువుతారు. జబ్బు రాకముందు, రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ అన్న మాటే తెలియని అమ్మమ్మలు ఇప్పుడు దాని అంకె చెప్పి పలకరించుకుంటారని మీకే బాగా తెలుసు. బయటివాళ్లకు ఏళ్లు పట్టే ఆ పరిచయం మీకు పుట్టుకతో వచ్చింది.

వృత్తిలో చోటు గురించి మాత్రం తీపి మాటలు చెప్పలేను. మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండదు. అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే కొద్దిపాటి మొత్తం, పండుగలకూ జాతీయ దినాలకూ యాడ్స్ టార్గెట్ ఇదీ పరిస్థితి. ఎవరి దగ్గర ప్రకటన అడిగామో వారి గురించి రాయవలసి వస్తే కలం ఎలా ఆగుతుందో చెప్పనక్కర్లేదు. డెస్క్‌లో ఉద్యోగం కొంత నయం, అయినా చాలదు. ఒకటి రెండేళ్లు ఇంటి మీద ఆధారపడే వీలుందో లేదో ముందే అమ్మానాన్నలతో మాట్లాడుకోండి. మరోపక్క దారులు పెద్ద సంస్థలతోనే ముగిసిపోలేదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో దళిత స్త్రీలు 2008 నుంచి సంగం రేడియో నడుపుతున్నారు. విత్తనాలు, చిరుధాన్యాలు, పండుగ పాటలు, ఆరోగ్యం, తమ ఊళ్ల కబుర్లు అన్నీ తమ యాసలోనే ప్రసారం చేస్తారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పిన తీర్పు అలాంటి ప్రయత్నాలకు బాట వేసింది. వీలైతే ప్రాజెక్టుకు ముందు ఒకసారి అక్కడికి వెళ్లి రండి. నిన్నటి మాటే ఇవాళ మళ్లీ ఎందుకు మాట్లాడాలి అని అక్కడ ఎవరూ అడగరు. విత్తనం గురించి ప్రతి ఏడూ మాట్లాడవలసిందే.

చివరగా పనికి సంబంధించిన రెండు మాటలు. మీరు మాట్లాడిన ప్రతి ఒక్కరికీ వారు చెప్పిన భాగం తెలుగులో చదివి వినిపించి, అంకెలు సరిచూసుకోండి. వ్యాసం మొత్తాన్ని మాత్రం అచ్చుకు ముందు అధికారులకు గానీ నాయకులకు గానీ ఇవ్వకండి. డయాలసిస్ కేంద్రాల్లో యంత్రాలు ఎన్ని, వాటిలో పనిచేస్తున్నవి ఎన్ని, మంజూరైన పోస్టులు ఎన్ని, మీ మండలంలో నీటి పరీక్షలు ఎప్పుడెప్పుడు జరిగాయి, ఫలితాలేమిటి అన్నవి సమాచార హక్కు చట్టం కింద అడగండి. జిల్లా కార్యాలయానికి రుసుము 10 రూపాయలు. జవాబు 30 రోజుల్లో రావాలి. రాకపోయినా, అరకొరగా వచ్చినా మొదటి అప్పీలు వేసుకోవచ్చు, దానికి మరో నెలో నెలన్నరో పడుతుంది. కాబట్టి గైడ్ అంశాన్ని ఆమోదించేదాకా ఆగకుండా, సెమిస్టర్ మొదలైన వారంలోనే దరఖాస్తులు పెట్టేయండి.